పిల్లలకూ పెద్దలకూ కొత్త పుస్తకాలు: మన వరంగల్ వైపు ఏవి తెప్పించుకుందాం?

బడి లైబ్రరీ, హనుమకొండ

అందరికీ నమస్కారం. హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. మా పూర్వ విద్యార్థులు కలిసి బడి లైబ్రరీకి ఇరవై వేల రూపాయలు ఇచ్చారు. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. బీరువాలో పెట్టి తాళం వేసే పుస్తకాలు వద్దు, పిల్లలు చదివేవి కొనాలి. ఇప్పుడున్నవి చాలావరకు పాత ముద్రణలు. మహనీయుల జీవిత చరిత్రలైతే ఒకే మనిషి మీద మూడు నాలుగు ఉన్నాయి.

ఈ నాలుగైదేళ్లలో వచ్చిన మంచి పుస్తకాల పేర్లు కావాలి. ఆరు నుంచి పదో తరగతి దాకా మా పిల్లలు. పక్కనే ప్రాథమిక పాఠశాల ఉంది, వాళ్లకూ కొన్ని తీసుకుంటాను. ఇంకో విషయం. సాయంత్రం పిల్లల కోసం వచ్చే తల్లులు కొందరు "మాకూ ఏమన్నా ఇయ్యండి టీచర్" అని అడుగుతున్నారు. వాళ్లకు ఒక అర వేరుగా పెట్టాలని ఉంది. చౌరస్తాలో షాపులు తిరిగితే గైడ్లు, గ్రూప్స్ మెటీరియలే చూపిస్తున్నారు. ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి.

జగిత్యాల అమ్మ

మేడం, చిన్నపిల్లలకైతే సికింద్రాబాద్ తార్నాకలో ఉన్న "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ జాబితా ముందు చూడండి. పెద్ద బొమ్మలు, పేజీకి రెండు మూడు వాక్యాలు, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కొన్నింటిలో తెలుగు, ఇంగ్లిషు రెండూ పక్కపక్కనే ఇస్తారు. మా చిన్నోడు ఇంగ్లిషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఆ రెండు భాషల పుస్తకాల వల్లే వాడికి తెలుగు వాక్యం మీద భయం పోయింది. తెలియని మాట వస్తే పక్కన చూసుకుంటాడు, నన్ను పిలవడు.

అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి వాళ్లు పిల్లల నవలలకూ బొమ్మల కథలకూ పోటీలు పెట్టి, ఎంపికైనవి పుస్తకాలుగా వేస్తున్నారు. మీ ఆరు, ఏడు తరగతుల వాళ్లకు ఆ నవలలు సరిగ్గా సరిపోతాయి. చిన్న అధ్యాయాలు కాబట్టి ఒక్క పీరియడ్‌లో ఒకటి అయిపోతుంది.

సిరిసిల్ల తెలుగు సారు

కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. ఈ మధ్య తెలుగులో వచ్చినవి చూడండి. 2022లో పత్తిపాక మోహన్ గారి "బాలల తాతా బాపూజీ", 2023లో డి.కె. చదువుల బాబు గారి "వజ్రాల వాన", 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి నవల "మాయాలోకం", 2025లో గంగిశెట్టి శివకుమార్ గారి "కబుర్ల దేవత". ఈ నాలుగూ తీసుకుంటే గాంధీ గురించి ఒకటి, కథలు, నవల అన్నీ వచ్చేస్తాయి. మోహన్ గారిది మా సిరిసిల్ల ప్రాంతమే. మా బడిలో ఆ సంగతి చెప్పగానే పుస్తకం కోసం పిల్లలు పోటీపడ్డారు. రాసేవాళ్లు ఎక్కడో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటారనే ఆలోచన వాళ్లలో గట్టిగా ఉంది. అది పోవాలి.

పాకాల పాఠకుడు

సారు చెప్పిన పేర్లు మంచివే. కానీ అవార్డు చూసి మాత్రమే కొనకండి టీచర్ గారూ. కొత్తగా వస్తున్న బాలల కథల్లో చాలావాటికి ఒక జబ్బు ఉంది. కథ సాగుతూ సాగుతూ ఉండగా ఒక తాతయ్యో సారో వచ్చి నీతి చెప్పి ముగించేస్తాడు. అబద్ధం ఆడొద్దు, సెల్‌ఫోన్ చూడొద్దు, చెట్లు నాటాలి. మాటలు మంచివే, ఎవరు కాదంటారు? అయితే పదో పేజీకి ఏం జరుగుతుందో పిల్లవాడికి రెండో పేజీలోనే తెలిసిపోతే ఇంకెందుకు చదువుతాడు?

నేను మనుమరాలికి కొనేటప్పుడు చివరి పేజీ ముందు చదువుతాను. అక్కడ ఉపదేశం ఉంటే తిరిగి షెల్ఫులో పెట్టేస్తాను. పిల్ల నవ్వాలి, భయపడాలి, "తర్వాత ఏమైంది తాతా" అని అడగాలి. నర్సంపేట నుంచి హైదరాబాద్ పోయినప్పుడల్లా ఇదే నా పద్ధతి.

సిరిసిల్ల తెలుగు సారు

పాకాల అన్నగారి మాటతో ఏకీభవిస్తాను. ఒక్కటి మాత్రం కలపాలి. మన జిల్లాల్లో బడి పిల్లలు రాసిన కథల సంకలనాలు బాగా వస్తున్నాయి. టీచర్లే చందాలు వేసుకుని అచ్చు వేస్తున్నారు. బాలచెలిమి పత్రిక వాళ్లు జిల్లాలవారీగా బడిపిల్లల కథలు తెచ్చారు. వాటిలోనూ నీతి ఉంటుంది, ఎందుకంటే పిల్లలు విన్న కథలే అలాంటివి. అయినా వాటిని పక్కన పెట్టొద్దని నా అభిప్రాయం. తొమ్మిదో తరగతి పిల్ల తన ఊరి చెరువు మీద రాసిన కథ అచ్చులో కనిపిస్తే, పక్క బెంచీ పిల్ల కూడా రాస్తుంది. ఇది మా దగ్గర కళ్లారా చూశాను.

జగిత్యాల అమ్మ

సారూ, రాసిన పిల్లకు సంతోషమే. చదివే పిల్ల సంగతి? అలాంటి ఒక పుస్తకం మా ఇంట్లో ఉంది. ప్రతి పేజీలో అచ్చుతప్పులు. అక్షరాలు ఎంత చిన్నవంటే నాకే కళ్లు నొప్పి. బొమ్మలు ఎక్కడివో నెట్‌లోంచి తీసి అతికించారు. పిల్లలు రాశారు కదా అని పెద్దవాళ్లు చూడకుండా వదిలేస్తే ఎట్లా? పిల్లల కథకే ఇంకా ఎక్కువ శ్రద్ధ కావాలి. ఎడిటింగ్ చేసి, మంచి బొమ్మలు వేయించి, పదహారు పేజీల్లో నాలుగు కథలు వేసినా చాలు. నూట యాభై పేజీలు ఎందుకు?

సిరిసిల్ల తెలుగు సారు

పదహారు పేజీల ఆలోచన బాగుంది. ఈసారి మా టీచర్ల సమావేశంలో పెడతాను.

ములుగు సైన్స్ టీచర్

కథల గురించి అందరూ చెప్తున్నారు. నా బాధ వేరే. 2024 ఆగస్టు చివర్లో మా ములుగు అడవిలో గాలి సుడికి వేల చెట్లు ఒక్కసారిగా కూలిపోయాయి. అదే ఏడాది డిసెంబర్ 4న భూకంపం వచ్చింది, తీవ్రత 5.3. ఇళ్లలో సామాన్లు కదిలాయి. మర్నాడు పిల్లలు వేసిన ప్రశ్నలకు లెక్క లేదు. భూమి లోపల ఏముంది? మళ్లీ వస్తదా? గోదావరి పక్కనే ఎందుకొచ్చింది? నాకు తెలిసినంత చెప్పాను. ఇంటికి తీసుకెళ్లి చదువుకోండి అని చేతిలో పెట్టడానికి మాత్రం పదేళ్ల పిల్లకు అర్థమయ్యే కొత్త తెలుగు పుస్తకం ఒక్కటీ నాకు దొరకలేదు.

కథలు, గేయాలు వస్తున్నాయి. సైన్స్, భూగోళం, మన చుట్టూ ఉన్న చరిత్ర మీద పిల్లలకు రాసేవాళ్లు చాలా తక్కువ. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, పునాది కింద ఇసుక నింపారు అని పెద్దలకు వ్యాసాలు బోలెడు. ఆ ఇటుక ఎందుకు తేలుతుందో బొమ్మలతో చెప్పే ముప్పై పేజీల పుస్తకం మా పిల్లలకు కావాలి. రామప్ప మా బడికి అంత దూరమేం కాదు. పిల్లలు పిక్నిక్‌కు పోయి ఫొటోలు దిగి వస్తారు, అంతే.

ఉన్నంతలో నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం కింద వేసినవాటిలో పక్షులు, జంతువులు, ప్రయోగాల మీద మంచివి ఉన్నాయి, ధర కూడా తక్కువ. మేడం, మీ డబ్బులో నాలుగో వంతైనా కథలు కానివాటికి పెట్టండి. కథలంటే మొహం తిప్పుకునే మగపిల్లలు మా బడిలో పాముల పుస్తకం చినిగేదాకా చదివారు.

పుస్తకాల షాపు, కరీంనగర్

టీచర్ గారు చౌరస్తా షాపుల గురించి అడిగారు కాబట్టి షాపు వైపు నుంచి చెప్తాను.

కొత్త తెలుగు పుస్తకం ఇప్పుడు మూడు వందలు, అయిదు వందల కాపీలే వేస్తున్నారు. ఒకప్పుడు వెయ్యి వేసేవాళ్లు. డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక తక్కువ వేసుకుని, అమ్మితే మళ్లీ వేసుకుంటున్నారు. రచయితకు అది మంచిదే, ఇంట్లో కట్టలు పేరుకుపోవు. కానీ అన్ని కాపీల్లో సగం ఆవిష్కరణ సభలోనూ స్నేహితులకూ పోతాయి. మిగిలినవి హైదరాబాద్‌లో రెండు మూడు షాపులకు, ఆన్‌లైన్‌కు. కరీంనగర్ దాకా వచ్చేవి చాలా తక్కువ. మాకు ముప్పై, నలభై శాతం కమీషన్ ఇస్తేనే అద్దె గిట్టుబాటవుతుంది. అంత ఇస్తే రచయితకు అచ్చు ఖర్చు కూడా రాదు. తప్పు ఎవరిదీ కాదు, లెక్క అలా ఉంది. గ్రూప్స్ పుస్తకాలు వారంలో అమ్ముడుపోతాయి కాబట్టి ముందు వరుసలో అవే పెడతాం. వ్యక్తిత్వ వికాసం అనువాదాలు కూడా బాగానే పోతాయి. పిల్లల బొమ్మల పుస్తకం ఆర్నెల్లు ఉండి, నలుగురు తిరగేశాక మూలలు మడతపడుతుంది, ఇక ఎవరూ కొనరు.

అందుకే మీలాంటి బడులు ముందే ఆర్డర్ ఇస్తే మాకు ధైర్యం. అయిదారు బడులు కలిస్తే ఆ పుస్తకాలే తెప్పిస్తాను, కమీషన్‌లో సగం మీకే వదిలేస్తాను. ఆర్టీసీ కార్గోలో హనుమకొండకు పంపొచ్చు.

పోస్టు గురించి కూడా వినండి. రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబర్‌లో తీసేశారు. చిన్న ప్రచురణకర్తలకు అది పెద్ద దెబ్బ. తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. ట్రాకింగ్ ఉంటుంది. ఏ పుస్తకాలు పంపొచ్చో దానికి నిబంధనలున్నాయి, కౌంటర్‌లో ముందే అడగండి. ప్రచురణకర్తకు నేరుగా ఫోన్ చేసి "జ్ఞాన్ పోస్ట్‌లో పంపండి" అని చెప్తే కొరియర్ ఖర్చు బాగా తగ్గుతుంది.

బడి లైబ్రరీ, హనుమకొండ

జ్ఞాన్ పోస్ట్ సంగతి నాకు కొత్త. చాలా థాంక్స్ అన్నా. తల్లుల అర గురించి కూడా ఎవరైనా చెప్పండి. కొందరు పదో తరగతి దాకా చదివినవాళ్లు, కొందరు అయిదుతో ఆపేసినవాళ్లు.

సింగరేణి కుర్రాడు, మంచిర్యాల

అక్కా, పెద్దల పుస్తకాలకు ఇప్పుడు మంచి కాలం. అన్వీక్షికి, ఛాయ లాంటి కొత్త ప్రచురణ సంస్థలు వచ్చాక కవర్లు, కాగితం, అక్షరాలు అన్నీ మారాయి. నా వయసువాళ్లు తెలుగు పుస్తకం కొని ఇన్‌స్టాలో పెడుతున్నారు. క్రైమ్, హారర్, ఊరి కథలు, తమిళం, కన్నడం నుంచి అనువాదాలు, అన్నీ వస్తున్నాయి.

నేను మొదట చెప్పేది రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన "ఢావ్లో". 2021లో వచ్చింది, 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం తీసుకుంది. రచయితది నిజామాబాద్ జిల్లా. తండా జీవితం మీద కథలు. మా క్లాసులో సగం మంది లంబాడా పిల్లలే ఉండేవాళ్లు, వాళ్ల ఇళ్లకు పోయేవాణ్ణి, అన్నం తినేవాణ్ణి. అయినా ఆ ఇళ్ల లోపలి దుఃఖం నాకు ఆ కథలు చదివాకే తెలిసింది. మీ తల్లుల్లో తండావాళ్లు ఉంటే ఆ పుస్తకం వాళ్ల చేతిలో పెట్టండి. పిల్లలకు మాత్రం ఇప్పుడే వద్దు, ఇంకొన్నేళ్లు ఆగాలి.

పతంజలి శాస్త్రి గారి "రామేశ్వరం కాకులు" కూడా బాగుంటుంది. 2023 అకాడెమీ అవార్డు దానికే. మెల్లగా చదవాల్సిన కథలు.

మా బొగ్గు బావుల మీద కొత్తగా రాసేవాళ్లు ఇంకా రావాలి. అల్లం రాజయ్య గారి తరం రాసింది చదివే మేం పెరిగాం. పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు గనులు వచ్చాక ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. మా అమ్మమ్మ ఊరు ఇప్పుడు మట్టి గుట్ట. దాని మీద మా తరం నవల ఏది?

జగిత్యాల అమ్మ

తల్లుల గురించి నేను చెప్తాను మేడం. మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎక్కువ. చేతులు ఖాళీ ఉండవు, పుస్తకం పట్టుకోలేరు. అందుకని పిల్లలతో చదివిస్తాం. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మధ్యలో కూర్చుని గట్టిగా చదువుతుంది, అందరూ వింటూ ఆకు కత్తిరిస్తుంటారు. నచ్చకపోతే "ఇది వద్దు, ఇంకోటి తియ్యి" అంటారు. మొహమాటమే లేదు. అట్లా చదివితేనే ఏ కథలో పట్టు ఉందో తెలిసిపోతుంది.

వాళ్లకు నచ్చినవి ఏవంటే అయిదారు పేజీల కథలు, మనవైపు మాట ఉన్నవి, ఆడవాళ్లు తమ బతుకు తామే చెప్పుకున్నవి. పెద్ద వర్ణనలు ఉంటే వినరు. ఆరోగ్యం పుస్తకాలూ అడుగుతారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు 1980 నుంచి ఇలాంటివి మామూలు మనుషులకు అర్థమయ్యేట్టు వేస్తున్నారు. వాళ్ల కొత్త జాబితా తెప్పించుకోండి. అక్షరాలు పెద్దగా ఉన్నవి చూసి తీసుకోండి, నలభై దాటిన చాలామందికి అద్దాలు ఉండవు.

కాజీపేట రిటైర్డ్ రైల్వే

ఈ చర్చ చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది. మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లోనే పెట్టారు. నిజాం కాలంలో తెలుగు చదువుకే దిక్కు లేనప్పుడు పెద్దలు సొంత డబ్బుతో నడిపారు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. షాపు దాకా జనం రాకపోతే జనం దగ్గరికే పుస్తకం పోయింది. కరీంనగర్ తమ్ముడు చెప్పిన లెక్కలు నిజమే, కాదనను. ఆదివారం పూట నాలుగు బడుల పేరెంట్స్ మీటింగుల్లో ఒక బల్ల వేసి చూడు తమ్మీ. నేనొచ్చి కూర్చుంటాను, జీతం అక్కర్లేదు.

నిర్మల్ గ్రంథపాలకురాలు

ఇంతమంది బడుల గురించి మాట్లాడారు, ప్రభుత్వ గ్రంథాలయాన్ని ఎవరూ తలవలేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు అందరం కడుతున్నాం. 1960 నాటి చట్టం ప్రకారం స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. ఆ డబ్బు అంతా సకాలంలో చేరితే కొత్త పుస్తకాలకు కొరత ఉండదు. చేరని చోట్ల పేపర్ల బిల్లులకే సరిపోతుంది. మీ ఊరి సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అని సమాచార హక్కు కింద ఎవరైనా అడగవచ్చు. అడగండి. పాఠకులు అడిగిన చోట కదలిక వస్తుంది, నా అనుభవంలో చూశాను.

ఇంకోటి. లైబ్రరీలో కుర్చీలన్నీ పోటీ పరీక్షల పిల్లలతో నిండిపోతాయి. వాళ్లను తప్పు పట్టలేం, ఇంట్లో చదువుకునే చోటు లేకనే వస్తారు. కానీ చిన్నపిల్లలకు కూర్చునే చోటు లేకుండా పోయింది. నేను ఒక మూల చాప వేసి, కిటికీ నుంచి కిటికీకి తాడు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మల పుస్తకాలు వేలాడదీశాను. బీరువాలో ఉన్నప్పుడు ఎవరూ ముట్టనివే ఇప్పుడు రోజూ దిగుతున్నాయి. టీచర్ గారూ, మీరు కూడా కవర్ కనిపించేట్టు పెట్టండి. వెన్ను మాత్రమే కనిపిస్తే పిల్లలు తీయరు.

కొనేముందు పుస్తకం మధ్యలో తెరిచి చూడండి. జిగురుతో అంటించినవి పది చేతులు మారేసరికి విడిపోతాయి, మధ్యలో పిన్నులు కొట్టినవి ఎక్కువ కాలం ఉంటాయి. స్థాయి తెలుసుకోవడానికి ఒక పేజీ పిల్లతో చదివించి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. పేజీ పూర్తయ్యేలోగా అయిదు వేళ్లూ మడిస్తే ఆ పుస్తకం ఆమెకు ఇప్పుడు కష్టం.

డబ్బు అయిపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. 2015లో మొదలైంది. తెలుగులో చాలా బొమ్మల కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి, అచ్చు తీసుకుని పంచుకోవడానికి అనుమతి కూడా ఉంది.

ములుగు సైన్స్ టీచర్

మా బడిలో ప్రొజెక్టర్ మీద స్టోరీవీవర్ కథలు చూపిస్తాను. పిల్లలు అందరూ ఒకేసారి చదువుతారు. కానీ చేతిలో పుస్తకం ఉంటే ఇంటికి పోతుంది, ఇంట్లో చెల్లె కూడా చూస్తుంది. రెండూ కావాలి.

పాకాల పాఠకుడు

టీచర్ గారూ, డబ్బంతా ఇప్పుడే ఖర్చు పెట్టకండి. డిసెంబర్‌లో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ ఉంటుంది. చాలామంది కొత్త పుస్తకాలు దానికోసమే దాచుకుని అప్పుడే విడుదల చేస్తారు. చేత్తో పట్టుకుని, చదివి కొనొచ్చు. వీలైతే ఇద్దరు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. వాళ్లు ఎంచుకున్నవి మనం ఎంచుకున్నవాటికంటే ఎక్కువ చదువుతారు.

బడి లైబ్రరీ, హనుమకొండ

అందరి మాటలూ ఈరోజు మా పిల్లలకు చదివి వినిపించాను. చివరి పేజీ ముందు చూడాలనే సలహా వాళ్లకు బాగా నచ్చింది. ఉన్న బీరువా మీదే ప్రయోగం మొదలుపెట్టారు, పక్కన పెట్టిన కుప్ప పెద్దదే అయింది.

ఇలా అనుకుంటున్నాను. సగం డబ్బుతో ఇప్పుడు తీసుకుంటాను. చిన్నవాళ్లకు రెండు భాషల బొమ్మల పుస్తకాలు, ఆరు, ఏడు తరగతులకు పిల్లల నవలలు, సారు చెప్పిన నాలుగు పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్ట్ సైన్స్ పుస్తకాలు. తల్లుల అరకు "ఢావ్లో", కొన్ని చిన్న కథల సంపుటాలు, ఆరోగ్యం పుస్తకం. మిగిలిన సగం బుక్ ఫెయిర్‌కు ఉంచుతాను, ఎనిమిదో తరగతి నుంచి ఇద్దరు అమ్మాయిలు నాతో వస్తామన్నారు. సంకలనాల విషయంలో జగిత్యాల అక్క మాటే నాకు సరిగ్గా అనిపించింది. మా పిల్లల కథలు పదహారు పేజీల్లో వేద్దాం, బొమ్మలు మా డ్రాయింగ్ సారు వేస్తానన్నారు.

కరీంనగర్ అన్నా, పక్కన రెండు బడుల హెచ్ఎంలతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. మూడు సెట్లు కావాలి.

పుస్తకాల షాపు, కరీంనగర్

మూడు సెట్లంటే సంతోషం టీచర్ గారూ. నాలుగు పుస్తకాల్లో ఒకటి స్టాకు లేదంటున్నారు, రచయితనే అడిగి తెప్పిస్తాను. బిల్లు ఏ బడికి ఆ బడికే వేరుగా రాయాలా? పార్సెల్ వరంగల్ బస్టాండుకా, హనుమకొండకా?

బడి లైబ్రరీ, హనుమకొండ

బిల్లులు వేరుగానే రాయండి అన్నా, ఆడిట్‌లో అడుగుతారు. పార్సెల్ హనుమకొండ బస్టాండుకే పంపండి, శనివారం మధ్యాహ్నం వచ్చేట్టు అయితే పిల్లలతో పోయి తెచ్చుకుంటాం.

కాజీపేట రిటైర్డ్ రైల్వే

శనివారం నా ఆటో కూడా తెస్తాను అమ్మా, మూడు సెట్లు చేతుల మీద మోయలేరు.